పెద్దపెద్ద, ఎవరెవరు, రెండ్రెండు: కోలారు తెలుగులో మాటల రెట్టింపు

కోలారు జిల్లా నుంచి, బంగారు గనుల ఊళ్ళ నుంచి తెలుగు చదువుకోవడానికి వచ్చే విద్యార్థులు చాలామంది ఒక మాట ముందే చెప్పి పెడతారు. తమది కన్నడం, అరవం కలిసిన తెలుగనీ, రాతలో తప్పులుంటే మన్నించాలనీ అంటారు. తెలుగు వస్తుందా అని అడిగితే "కొంచెం కొంచెం" అంటారు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో మాట్లాడుతున్న భాషను గురించి ఇలా చెప్పుకోవలసి రావడం విచారకరం. అయితే వారిచ్చిన జవాబునే వ్యాకరణదృష్టితో చూస్తే సంకోచించవలసిందేమీ అందులో కనిపించదు. "కొంచెం" అని ఒక్కసారి అంటే పరిమాణం మాత్రమే తెలుస్తుంది. "కొంచెం కొంచెం" అంటే అక్కడో ముక్క, ఇక్కడో ముక్క అనే విడివిడితనం కూడా తెలుస్తుంది. దానికే "గా" చేర్చి "కొంచెం కొంచెంగా నేర్చుకున్నాను" అంటే క్రమక్రమంగా జరిగిన పని అవుతుంది. ఒక మాటను రెండుసార్లు పలికి ఇంత పని చేయించుకోగలిగినవారికి తెలుగు కొంచెమే వచ్చునంటే మేము ఒప్పుకోలేము.

పలికిన మాటనే మళ్ళీ పలకడాన్ని మన వ్యాకరణాలు ద్విరుక్తి అన్నాయి. అందులో రెండోసారి పలికిన మాట పేరు ఆమ్రేడితం. ఇది పాణిని నాటి పరిభాష. వాడుకలో మొత్తం జంటనే ఆమ్రేడితం అనడం అలవాటయింది. "ఇంటింటికీ", "ఊరూరా" వంటి నామాల రెట్టింపు, "నవ్వుతూ నవ్వుతూ", "అడిగి అడిగి" వంటి క్రియల రెట్టింపు మనకు బాగా తెలిసినవే. వాటిని ఇక్కడ పక్కన పెడుతున్నాం. విశేషణాలు, క్రియావిశేషణాలు, సర్వనామాలు, ప్రశ్నపదాలు, సంఖ్యలు, వీటిలో రెట్టింపు ఎలా పనిచేస్తుందన్నదే ఇక్కడి విషయం. కోలారు విద్యార్థి తన భాషలో ఏది ఉమ్మడి సొత్తు, ఏది పొరుగు ప్రభావం అని తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని మా అభిప్రాయం.

ఆ జిల్లా పరిస్థితి ఒకసారి తలచుకోవాలి. తూర్పున చిత్తూరు సీమ, దక్షిణాన తమిళదేశం, బడిలోనూ కచేరీలోనూ కన్నడం, సంతలో దక్ఖనీ ఉర్దూ. ముళబాగిలు, శ్రీనివాసపురం తాలూకాలలో ఇంటి భాష తెలుగైనవారు ఎందరో కన్నడ లిపి మాత్రమే ఎరిగినవారు. కైవారం తాతయ్యగా పేరుపొందిన నారాయణప్ప తెలుగు రచనలను కన్నడ లిపిలో చదువుకునే కుటుంబాలు ఈ సీమలో నేటికీ ఉన్నాయి. గనుల సంగతి మరొకటి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ గనుల పని చేపట్టిన తరువాత కూలీలుగా వచ్చినవారిలో ఎక్కువమంది తమిళులు. చిత్తూరు వైపు నుంచి తెలుగువారూ వచ్చారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్స్, మారికుప్పం వీధుల్లో ఆ భాషలు మాత్రం మిగిలే ఉన్నాయి. ఇన్ని భాషల మధ్య పెరిగిన పిల్లకు ఏ మాట ఎక్కడిదన్న సందేహం రావడం సహజం.

ముందు విశేషణాలు చూద్దాం. "పెద్ద చెట్టు", "పెద్ద చెట్లు" రెండూ సరే. "పెద్దపెద్ద చెట్లు" అంటే చెట్లు ఎన్నో ఉన్నాయనీ, వాటిలో ప్రతి ఒక్కటీ పెద్దదేననీ అర్థం. "చాలా పెద్ద చెట్లు" అంటే ఇది కాదు. అందులో కొలత ఉంది, విడివిడిగా చూసిన చూపు లేదు. మంచిమంచి పుస్తకాలు, కొత్తకొత్త బట్టలు, చిన్నచిన్న ఊళ్ళు, అన్నీ ఇదే తీరు. ఇప్పుడు "పెద్దపెద్ద చెట్టు" అని పలికి చూడండి. నోరు ఒప్పుకోదు. ఇటువంటి విశేషణాన్ని రెట్టించినప్పుడు తెలుగులో విశేష్యం బహువచనంలోనే ఉండాలి.

కన్నడంలో "దొడ్డ దొడ్డ మరగళు" అంటారు. అరవంలో "పెరియ పెరియ మరంగళ్" అంటారు. దక్ఖనీలో "బడే బడే". ఇంతవరకు అందరూ ఒకటే. కానీ కన్నడంలోను, అరవంలోను చెట్టు వంటి ప్రాణంలేని వాటికి బహువచన ప్రత్యయం తప్పనిసరి కాదు. "దొడ్డ దొడ్డ మర" అన్నా చాలు, చెట్లు ఎన్నో ఉన్నాయని రెట్టించిన విశేషణమే చెప్పేస్తుంది. తెలుగు అలా వదిలిపెట్టదు. విశేషణాన్నీ రెట్టించాలి, నామానికి "లు" కూడా చేర్చాలి. కనుక కన్నడ బడిలో చదువుకున్న విద్యార్థి రాతలో ఎప్పుడైనా "పెద్దపెద్ద చెట్టు" కనిపిస్తే అందులో దిద్దవలసింది ఆ ఒక్క "లు" మాత్రమే. "పెద్దపెద్ద"ను కొట్టివేసి "చాలా పెద్ద" అని దిద్దేవారు ఒప్పును తీసి తప్పును మిగులుస్తున్నారు. ఇదే పిల్లవాడు ఇంగ్లీషు పరీక్షలో "స్మాల్ స్మాల్ హౌసెస్" అని రాస్తే అక్కడా ఎర్రసిరా పడుతుంది. ఇంగ్లీషులో అది తప్పే. అయితే ఆ తప్పు వెనుక ఉన్నది అజ్ఞానం కాదు, నాలుగు భాషలు ఒక్కమాటగా నేర్పిన వ్యాకరణం.

ఇది దక్షిణదేశానికే పరిమితమైన పద్ధతీ కాదు. మలేసియాలో పెరిగిన మన విద్యార్థులకు మలయ్ భాష పరిచయమే కదా. అందులో "రుమహ్" అంటే ఇల్లు, "బెసార్" అంటే పెద్ద. "రుమహ్ బెసార్-బెసార్" అంటే పెద్దపెద్ద ఇళ్ళు. మలయ్‌లో నామాన్ని రెట్టించి బహువచనం చెప్పడం కూడా ఉంది. "బుకు-బుకు" అంటే పుస్తకాలు. తెలుగులో "పుస్తకం పుస్తకం వెతికాను" అంటే ప్రతి పుస్తకాన్నీ వెతికానని. నామం దగ్గర దారులు వేరైనా విశేషణం దగ్గర రెండు భాషలూ కలిశాయి.

అన్ని విశేషణాలూ "పెద్దపెద్ద" బాటనే నడవవు. "వేడివేడి కాఫీ", "వేడివేడి రాగిముద్ద", "చల్లచల్లని గాలి", "తియ్యతియ్యని పాయసం" అన్నప్పుడు విశేష్యం ఏకవచనమే. ఇక్కడ రెట్టింపు సంఖ్యను చెప్పడం లేదు, అనుభవం తాజాదనాన్ని చెబుతోంది. కంటితో లెక్కపెట్టగలిగే గుణాలకు ఒక పద్ధతి, నాలుకకూ ఒంటికీ తగిలే గుణాలకు మరొక పద్ధతి అని స్థూలంగా చెప్పవచ్చు.

వీటికి "గా" చేరినప్పుడు మరొక విశేషం ఉంది. శ్రీనివాసపురం తోటల మామిడికాయ కోసి ముక్క నోట్లో వేసుకుని "పుల్లపుల్లగా ఉంది" అన్నవాడు కాయ చాలా పులుపని అనడం లేదు. తినబుద్ధి అయ్యేంత పులుపు ఉందంటున్నాడు. ఆరేసిన బట్ట "తడితడిగా ఉంది" అంటే పూర్తిగా ఆరలేదు, పూర్తిగా తడిసీ లేదు. "పచ్చిపచ్చిగా ఉడికింది", "కొత్తకొత్తగా ఉంది" కూడా ఇటువంటివే. రెండుసార్లు పలికితే అర్థం రెండింతలు కావాలని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడ మాట పెరిగింది, గుణం తగ్గింది. మాటను పెంచి అర్థాన్ని తగ్గించే ఈ పద్ధతిని పాణిని కూడా గమనించాడు. అష్టాధ్యాయి ఎనిమిదో అధ్యాయం మొదటి పాదంలో నిత్యత్వానికీ, "ప్రతి ఒక్కటీ" అని చెప్పే వీప్సకూ ద్విరుక్తిని విధించాడు. గుణవాచకాలను "ఇంచుమించు అలాంటిది" అనే అర్థంలో రెట్టించడానికి వేరే సూత్రం చెప్పాడు. "పటుపటుః" అంటే మహా సమర్థుడు కాడు, సమర్థుడిలాంటివాడు. మారిషస్ తెలుగువారు నిత్యం వినే క్రియోల్ భాషలో "రూజ్" అంటే ఎరుపు. "రూజ్-రూజ్" అంటే ఎర్రెర్రగా, అంటే కాస్త ఎరుపుగా ఉన్నదని. సంస్కృతానికీ, మారిషస్ క్రియోల్‌కూ, కోలారు తెలుగుకూ ఇంత దగ్గరి పోలిక ఉండడం ఆశ్చర్యమే. ఒకరి నుంచి ఒకరు తీసుకున్నదని చెప్పలేము. గుణాన్ని కచ్చితంగా తేల్చకుండా ఉజ్జాయింపుగా చెప్పవలసినప్పుడు మనుషులు వేర్వేరు చోట్ల ఇదే ఉపాయానికి వచ్చినట్టున్నారు.

కాలాన్నీ స్థలాన్నీ చెప్పే మాటలలో ఈ రెట్టింపు మరింత సూక్ష్మంగా పనిచేస్తుంది. "అప్పుడు" అంటే ఒక కాలం. "అప్పుడప్పుడు" అంటే మధ్యమధ్య ఎడం ఇస్తూ. "ఇప్పుడు" అంటే ఈ క్షణం. "ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు" అంటే నడక మొదలైందనీ, ఇంకా కుదురుకోలేదనీ. "ఎప్పుడు" ప్రశ్న. "ఎప్పుడెప్పుడు వస్తాడా అని చూస్తోంది" అంటే ఆత్రం. ఒకే కుదురులోని మూడు మాటలకు ఒకే ప్రక్రియ జరిగితే మూడు వేర్వేరు అర్థాలు వచ్చాయి. వీటిని నిఘంటువులో వెతికి నేర్చుకోవడం కష్టం. ఇంట్లో విని నేర్చుకున్నవారికి కష్టమే తెలియదు. కన్నడంలో "ఆగాగ", అరవంలో "అవ్వప్పోదు" మన "అప్పుడప్పుడు"కు సరిగ్గా సరిపోతాయి. "అక్కడక్కడ"కు కన్నడంలో "అల్లల్లి", అరవంలో "అంగంగే". కానీ కన్నడ "ఈగీగ" ఎక్కువగా "ఈమధ్య, ఈ రోజుల్లో" అనే అర్థంలో వాడతారు. దాన్ని మాటకు మాటగా "ఇప్పుడిప్పుడు" అని తెలుగు చేస్తే తెలుగువాడికి ఇంకో అర్థం తోస్తుంది. రూపం ఒకటైనంత మాత్రాన అర్థం ఒకటి కానక్కరలేదు. అనువాదం చేసే విద్యార్థులు ఇటువంటి చోట నిదానించాలి.

స్థలవాచకాలలో "లోలోపల" చూడదగినది. "లోపల"ను పూర్తిగా రెట్టించకుండా మొదటి అక్షరాన్ని మాత్రమే రెట్టించాం. లోలోపల కుమిలిపోయాడు అంటాం కానీ లోలోపల కూర్చున్నాడు అనం. రెట్టించగానే ఆ మాట గదిని విడిచి మనసులోకి వెళ్ళింది. "పైపైన" కూడా అంతే. పైన ఉన్నది కొలవగలిగే ఎత్తు, పైపైన చూసినది తేలిక చూపు.

ప్రశ్నపదాల రెట్టింపులో ఈ సీమ భాషలన్నీ ఒకటైపోతాయి. "పెళ్ళికి ఎవరు వచ్చారు?" అంటే ఒక్క పేరు చెప్పినా జవాబే. "ఎవరెవరు వచ్చారు?" అంటే వచ్చినవారు ఒకరికన్నా ఎక్కువని అడిగేవారికి ముందే తెలుసు, పేర్ల వరుస కావాలి. కన్నడంలో "యారు యారు", అరవంలో "యార్ యార్", దక్ఖనీలో "కౌన్ కౌన్". కోలారు బజారులో ఈ ప్రశ్న ఏ భాషలో అడిగినా అందుకు ఆశించే జవాబు ఒకటే. ఇంగ్లీషులో ఈ తేడాను ఒక్క మాటలో చూపడానికి వీలులేదు. ఏమేమి, ఎక్కడెక్కడ, ఎన్నెన్ని, ఎంతెంత, ఏయే, అన్నీ ఈ వరుసలోవే. నిర్దేశకమైన "ఆ" రెట్టింపయితే నడుమ యకారం చేరి "ఆయా" అవుతుంది. "ఆయా ఊళ్ళ పెద్దలు" అంటే ఏ ఊరి పెద్దలు ఆ ఊరివారు. కన్నడంలోను ఇది "ఆయా" అనే ఉంది, అరవంలో "అందంద". తెలుగు విద్యార్థి "ఆయా"ను కన్నడపు మాట అనుకుని రాతలో తప్పించుకుని, "సంబంధిత" అని రాస్తే మేము విచారిస్తాము.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. భాషల వారీగా రాష్ట్రాలను విడదీసిన 1956లోనే మర్రే ఎమెనో అనే భాషావేత్త "లాంగ్వేజ్" అనే పత్రికలో భారతదేశం ఒక భాషామండలం అని వాదిస్తూ వ్యాసం ప్రకటించారు. కుదుర్లు వేరైన భాషలు ఒకే నేల మీద శతాబ్దాలు కలిసి బతికితే వాటి నిర్మాణాలు దగ్గరవుతాయన్నది సారాంశం. పులిగిలి వంటి ప్రతిధ్వని పదాలు అటువంటి ఉమ్మడి లక్షణాలలో ఒకటి. తరువాత అన్వితా అబ్బీ 1992లో దక్షిణాసియా భాషల ద్విరుక్తి మీద ఒక పూర్తి గ్రంథమే వెలువరించారు. సరిహద్దు గీతలు గీసిన వారికీ, ఈ పండితులకూ పరస్పరం పని పడలేదు కానీ, కోలారు వంటి జిల్లాలో రెండు సంగతులూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి.

ఇంతవరకు చెప్పినవన్నీ సజీవమైన పద్ధతులు. సజీవమని ఎలా తెలుస్తుంది? నిన్న వచ్చిన మాటను కూడా అది లోపలికి తీసుకుంటే సజీవమన్నట్టు. "ఫాస్ట్ ఫాస్ట్‌గా రాసేశాను", "డిఫరెంట్ డిఫరెంట్ కలర్స్", "హాట్ హాట్‌గా తెచ్చాడు" అని పిల్లలు అంటున్నారు. ఈ ఇంగ్లీషు మాటలు మనకు నచ్చినా నచ్చకపోయినా వాటిని రెట్టించిన పద్ధతి మాత్రం అచ్చంగా మనదే.

దీనికి భిన్నంగా గడ్డకట్టిన పద్ధతి ఒకటి ఉంది. కడ, తుద, మొదలు, నడుమ, బయలు, పగలు, ఎదురు వంటి కొన్ని మాటలు రెట్టింపయినప్పుడు మొదటి మాటలో తొలి అచ్చు తరువాతి భాగమంతా పోయి జంట టకారం వస్తుంది. కట్టకడ, తుట్టతుద, మొట్టమొదలు, నట్టనడుమ, బట్టబయలు, పట్టపగలు, ఎట్టెదురు. బాలవ్యాకరణంలో చిన్నయసూరి వీటికి ద్విరుక్తటకారాన్ని విధించాడు. తెలుగు బడిలో దీన్ని ద్విరుక్తటకార సంధి అని బట్టీపట్టిస్తారు. కన్నడ బడిలో ద్విరుక్తి పాఠంలో "కట్టకడె, మొట్టమొదలు, నట్టనడువె, బట్టబయలు, తుత్తతుది" అని ఉదాహరణలు చెప్పిస్తారు. కోలారు పిల్లలు రెండో పాఠాన్ని ఎరుగుదురు, మొదటి పాఠం కొత్తదని భయపడతారు. రెండూ ఒకే పాఠం. అరవంలోను "నట్టనడు", "పట్టప్పగల్", "కట్టక్కడైసి", "వెట్టవెళి" ఉన్నాయి. పట్టపగలు అనడానికి నేటి కన్నడంలో "హాడహగలు" అంటారు, అక్కడ మాత్రం దారి మారింది. ఇన్ని భాషల్లో ఇంత దగ్గరగా ఉన్న ఈ పద్ధతిని ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకున్నదనడం కన్నా ఉమ్మడి వారసత్వమనడమే మాకు సమంజసంగా తోస్తుంది. చిన్నయసూరి కూడా తమిళదేశంలో పుట్టి మద్రాసులో పాఠం చెప్పినవాడే. ఆంధ్రదేశం వెలుపలి తెలుగువారు ఈ సంగతి మరచిపోకూడదు.

తుర్కీ భాషలో ఇలాంటిదే ఉంది. "బెయజ్" అంటే తెలుపు, "బెంబెయజ్" అంటే తెల్లటి తెలుపు. "కర" నలుపు, "కప్‌కర" కటిక నలుపు. తొలి అక్షరాన్ని నిలుపుకుని దానికొక హల్లును అంటించడం మన "మొట్ట" తీరే. చుట్టరికం ఏమీ లేదు, పోలిక మాత్రమే. ఏ మాటకు ఏ హల్లు వస్తుందో తుర్కీవారు కూడా నేర్చుకుని గుర్తుపెట్టుకోవలసిందే.

మన ద్విరుక్తటకారం ఒకప్పుడు చురుకుగానే ఉండి ఉండాలి. "మిట్టమధ్యాహ్నం"లో అది సంస్కృతపు మాటను కూడా పట్టుకున్నట్టు కనిపిస్తుంది. కన్నడవారి "మటమట మధ్యాహ్న" దానికి దగ్గరిదే. కానీ ఈనాడు "ఫస్టు" అనే మాటను రెట్టించవలసివస్తే "ఫస్టు ఫస్టు" అంటున్నామే తప్ప "ఫట్టఫస్టు" అనడం లేదు. పాత తలుపు మూసుకుంది, పక్కనున్న పెద్ద తలుపు తెరిచే ఉంది.

గబగబ, చకచక, తళతళ, మిలమిల వంటివి వేరే జాతి. అవి రెట్టించిన మాటలలాగే కనిపిస్తాయి కానీ "గబ" అని విడిగా అంటే అర్థం లేదు. తమిళ వ్యాకరణం ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టింది. విడదీస్తే అర్థం లేనిది "ఇరట్టైక్కిళవి", విడదీసినా అర్థం ఉండేది "అడుక్కుత్తొడర్". అడుక్కుత్తొడర్‌లో తొందరను చెప్పే మాటను మూడుసార్ల వరకూ పలకవచ్చని తొల్కాప్పియం హద్దు కూడా పెట్టింది. పాము పాము పాము అని అరిచేవాడు నాలుగోసారి అరిచే లోపల పరుగెత్తుతాడు కాబోలు. గనుల ఊళ్ళలో తమిళ బడిలో చదువుకున్న తెలుగు పిల్లలకు ఈ విభజన ముందే తెలుసు. తెలుగు తరగతిలో దాన్ని వాడుకోనివ్వాలి.

చివరగా సంఖ్యలు. "పిల్లలకు రెండు పళ్ళు ఇచ్చాను" అంటే మొత్తం రెండా, ఒక్కొక్కరికి రెండా అన్న సందేహం మిగులుతుంది. దాన్ని తీర్చడానికి కన్నడం "ఎరడెరడు" అంటుంది, దక్ఖనీ "దో దో" అంటుంది. తెలుగుకు రెండు దారులున్నాయి. "రెండ్రెండు పళ్ళు" అని రెట్టించవచ్చు, "రెండేసి పళ్ళు" అని ఏసి చేర్చవచ్చు. మూడేసి, నాలుగేసి, పదేసి అన్నీ ఉన్నాయి. ఒకటి దగ్గర మాత్రం రెట్టింపే నిలిచింది: ఒక్కొక్కటి, పొట్టిగా ఒక్కో. మనుషులను లెక్కించేటప్పుడు ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు అనడమే ఎక్కువ. "ఇంతింత కళ్ళు", "ఇంతేసి కళ్ళు" పక్కపక్కన పెట్టి చూస్తే ఏసి చేసే పనీ రెట్టింపు చేసే పనీ ఎంత దగ్గరివో తెలుస్తుంది.

ఈ "ఏసి"కి సరితూగే ప్రత్యయం కన్నడంలో లేదు. కన్నడం రోజంతా వినపడే ఇంట్లో "ఏసి" నిలిచిందా, "రెండ్రెండు"కు చోటిచ్చిందా అన్నది ఊరూరా పరిశీలించదగిన విషయం. మాలూరు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం, గనుల పేటల విద్యార్థులు ఈ వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అవ్వ పిల్లలకు మామిడిపళ్ళు పంచుతూ ఏమంటుందో వినండి. "రెండేసి తీసుకోండి" అంటుందా, "రెండ్రెండు" అంటుందా, "తలా రెండు" అంటుందా? ప్రశ్న అడిగి జవాబు చెప్పించుకోవద్దు. అడిగితే అవ్వ కూడా పుస్తకం మాట వెతుక్కుంటుంది. పంచుతుండగా విన్నది విన్నట్టు, ఊరి పేరు, తాలూకా పేరు చేర్చి, తెలుగు లిపి రాకపోతే కన్నడ లిపిలోనైనా రాసి పీఠానికి పంపండి.